నాపరాతి ఇంట్లో హోం థియేటర్

శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల నడుమ నిలబడి ఒక్కసారి కళ్ళు మూసుకోండి. ఒక్కో ప్రభ మైకులో ఒక్కో పాట. ఎడమ పక్క ఏది మోగుతోంది, వెనక ఏది మోగుతోంది, పిల్లాడి బూర ఎటునుంచి వినబడుతోంది, అన్నీ వేలు పెట్టి చూపించగలం. ఉన్నవేమో రెండే చెవులు. ఈ విద్య వాటికెలా అబ్బిందో తెలిస్తే హోం థియేటర్ సగం అర్థమైనట్టే.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 346 మీటర్లు పోతుంది. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు కాసిన రోజున 358 దాకా పోతుంది. ఎడమ పక్క పుట్టిన శబ్దం ముందు ఎడమ చెవిని తాకి, తల చుట్టి వచ్చి కుడి చెవిని చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. తల అడ్డం పడుతుంది గనుక కుడి చెవికి చేరేది కాస్త తగ్గి చేరుతుంది, కీచు శబ్దాలయితే మరీను. ఈ రెండు తేడాలు పట్టుకునే మెదడు దిక్కు చెబుతుంది. ముందా, వెనకా, పైనా అన్నది తేల్చడానికి చెవి డొప్ప మడతలు సాయపడతాయి.

5.1 అనే ఏర్పాటు ఈ మెదడు కోసమే. ముందు కుడి ఎడమల రెండు స్పీకర్లు, టీవీ కింద నడిమిది, కూర్చున్న మనిషికి రెండు పక్కలా కాస్త వెనగ్గా మరో రెండు. మాటలు చాలావరకు నడిమి దానిలోంచే వస్తాయి. చోటు లేదని దాన్ని ఏ మూలకో నెట్టేస్తే సినిమాలో మనుషులు తెర మీద ఉంటారు, గొంతులు మూలలో ఉంటాయి. ఇక ఆ '.1' సబ్‌వూఫర్‌ది. సెకనుకు 120 కంపనాల లోపు ఉండే దడదడలే దానికి ఇస్తారు గనుక పూర్తి ఛానెల్‌గా లెక్కించరు. 40 కంపనాల ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. దాన్ని మన తల ఏమాత్రం అడ్డుకోలేదు. అందుకే ఆ దడ ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు, పెట్టె ఏ పక్కన ఉన్నా దిక్కు విషయంలో పెద్దగా తేడా పడదు.

డిస్కులో ఉండేది శబ్దం కాదు, అంకెలు. 1982లో వచ్చిన సీడీలో అల ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. సినిమాలకు 48,000 సార్లు. మనిషి చెవి వినగలిగింది 20,000 కంపనాల దాకానే. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే అల తిరిగి అలాగే వస్తుందని గణితం రుజువు చేసింది. 16 బిట్ల చొప్పున ఇలా అయిదు ఛానెళ్ళు రాస్తే సెకనుకు 38 లక్షల బిట్లు దాటుతాయి. డీవీడీలో డాల్బీ డిజిటల్‌కు మామూలుగా దక్కే చోటు 4,48,000. మిగతాది ఏమైంది? జిన్నింగు మిల్లు నడుస్తుంటే పక్కవాడి గుసగుస మనకు వినబడదు. పెద్ద శబ్దం చాటున చెవికి అందని చిన్న శబ్దాలు ఏవో లెక్కగట్టి, వాటికి బిట్లు ఖర్చు చేయకుండా మిగుల్చుతారు. చెవి బలహీనతను ఇంత చక్కగా వాడుకున్న విద్య మరొకటి లేదని నా అభిప్రాయం.

ఒక మాట చెప్పాలి. 1947లో, మళ్ళీ 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలు రెండింటికీ ధ్వని ఒకే ట్రాకు మీద ఉంది. ఎన్ని స్పీకర్లు పెట్టినా నాగమ్మ గొంతు ఒకవైపు, బ్రహ్మనాయుడి గొంతు మరోవైపు పలకవు. తెలుగులో 70 ఎం.ఎం. తెరతో స్టీరియోఫోనిక్ ధ్వని తెచ్చింది 1986 నాటి 'సింహాసనం'.

ఇక అసలు సంగతి గదిది. మాచర్లలో మా మేనమామ మంచి సిస్టమే కొన్నాడు. వారం తిరక్కుండా ఫోను. "ఏంది అల్లుడా ఇది, బాంబు పడితే ఇల్లదురుతోంది గానీ మాటొక్కటీ తెలవట్లా!" వెళ్ళి చూశాను. కింద నాపరాళ్ళు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, పైన శ్లాబు. గుడ్డ ముక్క లేదు. నున్నటి రాయి తన మీద పడ్డ శబ్దంలో నూటికి 98 వంతులు తిరగ్గొడుతుంది. మాటను మాటగా నిలబెట్టేది స, ష, చ, ట వంటి హల్లులు. ఒక హల్లు పలికి ఆగే లోపు దాని ముందు అచ్చు గోడల మధ్య ఇంకా తిరుగుతూ ఉంటే హల్లు మునిగిపోతుంది. వెనక స్పీకరు ధ్వనీ నాలుగు గోడల నుంచీ వచ్చి దిక్కు చెరిపేస్తుంది.

1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడికి ఇలాంటి గదే తగిలింది. ఫాగ్ ఉపన్యాస మందిరంలో మాట ఆగిపోయాక కూడా ధ్వని అయిదున్నర సెకన్లు మోగేది. ఆయన రాత్రిపూట ఊరు సద్దుమణిగాక, పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కో దఫా కొన్ని పరుస్తూ, ఆర్గాన్ గొట్టం ఊది ఆపి, ధ్వని చచ్చేదాకా గడియారంతో కొలిచాడు. గది పెద్దదైతే మోత సాగుతుంది, మెత్తని వస్తువు పెరిగితే మోత తగ్గుతుంది. ఆ లెక్కే ఈనాటికీ సభామందిరాలకు పునాది.

మాది పత్తి పండే సీమ, మెత్తలకు కరువా! నేల మీద బొంత పరిచాం. వెనక గోడకు దూది పరుపు నిలబెట్టాం, కిటికీలకు మందపాటి తెరలు కట్టాం. ఆ రాత్రి డైలాగులు తేటగా వినబడ్డాయి. దడ మాత్రం పరుపుకు లొంగలేదు. మీటర్ల పొడవున్న అలను జానెడు దూది ఆపలేదు. సబ్‌వూఫర్‌ను మూలలోంచి జరిపాక కొంత తగ్గింది.

ఏడు స్పీకర్లా, తొమ్మిదా అని దుకాణంలో అడిగేముందు మీ గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. టంగుమని సాగితే ఆ డబ్బు కొన్నాళ్ళు దాచుకుని, ముందు బొంత పరవండి.