"అర్థమైందా?" అని అడగడం మానేశాను

మా ప్యాకింగ్ లైన్లో కొత్తగా చేరినవాళ్ళతో నేను చేయించే మొదటి పని, కళ్ళు మూసుకుని ఎర్ర బటన్ మీద చెయ్యి వేయించడం. లైనును ఉన్నపళంగా ఆపే ఎమర్జెన్సీ బటన్ అది. లైను ఆపి ఉన్నప్పుడే ఇదంతా. నిలబడిన చోటునుంచి మూడుసార్లు తడుముకోకుండా దొరికితేనే తర్వాతి పాఠం. కొందరు నవ్వుతారు. నవ్వినా సరే, అది చేతికి గుర్తుండాలి.

పదేళ్ళ కిందట నెల్లూరు జిల్లా నుంచి కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి, మొదట ఒక గోదాములో చేరాను. అక్కడ శిక్షణ అంటే మూడు గంటల స్లైడ్లు. తెరమీద ఇంగ్లీషు వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. గదిలో పద్నాలుగు మందిమి: పంజాబీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒక నైజీరియా ఆయన, నేను. చివర "ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. అందరం తలలూపాం, సంతకాలు పెట్టాం. మర్నాడు బెల్టు మీద అట్టపెట్టె ఇరుక్కుంటే, వంటింట్లో పొంగుతున్న పాలగిన్నెను దించినంత సహజంగా చెయ్యి పెట్టబోయాను. పక్కనున్న పంజాబీ ఆవిడ నా మణికట్టు పట్టి వెనక్కి లాగింది. అదే చేతిని తీసుకెళ్ళి ఎర్ర బటన్ మీద పెట్టింది. "పహలే యే" అంది. ముందు ఇది. అంతే, ఇక మరిచిపోలేదు.

ఇప్పుడు వేరే కంపెనీలో నేనే నేర్పేదాన్ని. అందుకే ఆ తలలూపడం గురించి చాలా ఆలోచిస్తాను. నలభై అయిదేళ్ళ మనిషిని నలుగురిలో "అర్థమైందా?" అని అడిగితే ఏమంటాడు? ఊళ్ళో నలుగురికి చెప్పి బతికినవాడు, ఇక్కడ ఏజెన్సీ ద్వారా వచ్చి, రేపు పిలుస్తారో లేదో తెలియనివాడు "కాలేదు" అంటాడా? ఆ ప్రశ్నకు అవునని తప్ప ఇంకో జవాబు లేదు. ఇప్పుడు నేను "ఒకసారి మీరు చేస్తూ నాకు చెప్పండి" అంటాను. ఎక్కడ ఆగిపోతే అక్కడే నేను సరిగా చెప్పలేదని లెక్క.

శిక్షణ లోపం ప్రాణాలు తీస్తుందని మేముండే ఒంటారియో రాష్ట్రం కళ్ళారా చూసింది. 2009 డిసెంబరు 24 సాయంత్రం, టొరంటో కిప్లింగ్ అవెన్యూలో ఒక అపార్ట్‌మెంటు పదమూడో అంతస్తు దగ్గర, బాల్కనీల మరమ్మతుకు వేలాడదీసిన వేదిక విరిగిపోయింది. దానిమీద ఆరుగురున్నారు. రక్షణ తాళ్ళు ఉన్నవి రెండే. నలుగురు చనిపోయారు, ఒకతను తీవ్రంగా గాయపడి బతికాడు. తాడుకు సరిగా కట్టుకున్న ఒక్క మనిషి కింద పడలేదు. చనిపోయినవాళ్ళు మనలాగే బయటి దేశాలనుంచి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత ప్రభుత్వం టోనీ డీన్ అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని వేసింది. 2014 జులై 1 నుంచి ఒంటారియోలో ప్రతి కార్మికుడికీ, సూపర్‌వైజరుకూ ప్రాథమిక భద్రతా శిక్షణ తప్పనిసరి అయింది. ఎత్తుమీద పనిచేసే నిర్మాణ కార్మికుల శిక్షణకు 2015లో కొత్త ప్రమాణాలొచ్చాయి. అందులో రక్షణ బెల్టు ఒంటికి తొడిగి, బిగించి చూపించాల్సిన ప్రాక్టికల్ భాగం ఉంటుంది. పైగా ఆ సర్టిఫికెట్‌కు మూడేళ్ళకే కాలం చెల్లిపోతుంది. మనిషి మరిచిపోతాడని చట్టమే ఒప్పుకుంది కదా అని నాకు సంతోషం వేసింది. నేను మూడేళ్ళు ఆగను. వారం తర్వాత, మళ్ళీ నెల తర్వాత వెళ్ళి, పని మధ్యలో రెండు నిమిషాలు అడిగి చూస్తాను.

పెద్దవాళ్ళకు నేర్పే విషయంలో కెనడాకు మంచి పాత పాఠం ఒకటుంది. ఆల్ఫ్రెడ్ ఫిట్జ్‌పాట్రిక్ అని నోవా స్కోషియాకు చెందిన పాస్టరు 1899లో ఒక సంస్థ మొదలుపెట్టాడు. అదే తర్వాత ఫ్రాంటియర్ కాలేజీ అయింది. అడవుల్లో కలప కొట్టేవాళ్ళ దగ్గరికి, గనులకు, రైలుమార్గాలు వేసే శిబిరాలకు చదువుకున్న కుర్రాళ్ళను పంపేవాళ్ళు. వాళ్ళు పగలంతా కూలీలతో సమానంగా గొడ్డలో పారో పట్టాలి. రాత్రి దీపం ముందు వాళ్ళకే చదువు చెప్పాలి. తర్వాత చైనాలో వైద్యుడిగా పేరు పొందిన నార్మన్ బెథూన్ కూడా 1911లో సడ్‌బరీ దగ్గర కలప శిబిరంలో ఇలాగే పనిచేశాడు. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. 2022లో యునైటెడ్ ఫర్ లిటరసీ అని పేరు మార్చుకుంది. పక్కన నిలబడి చెమటోడ్చినవాడు చెబితే వినడం వేరు. ఎదుటి మనిషికి ఏది కష్టమో, ఏ మాట తెలియదో పగలే చూసి ఉంటాడు కాబట్టి రాత్రి ఏం చెప్పాలో అతనికి తెలుస్తుంది. నేను కూడా నేర్పేరోజు రెండు గంటలైనా కొత్తవాళ్ళ పక్కన పెట్టెలు మడుస్తాను.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు 1991 గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం. నేను డిగ్రీ చదువుతూ మా ఊళ్ళో రాత్రిబడి నడిపాను. పగలంతా నాట్లు వేసొచ్చిన ఆడవాళ్ళు లాంతరు ముందు అ, ఆలు దిద్దుతూనే జోగేవాళ్ళు. కూలి లెక్క ఎలా వేయాలో చెప్పమని ఒకామె అడిగిన రాత్రి మాత్రం ఒక్కరూ నిద్రపోలేదు. ఆ రాత్రిబడి వాచకాల్లోనే, సారాయి సంసారాన్ని ఎట్లా కూలుస్తుందో చెప్పే 'సీతమ్మ కథ' ఉండేది. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని చదివి, మాట్లాడుకుని, లేచి వెళ్ళి ఊళ్ళో సారాయి అమ్మకం ఆపించారు. వాళ్ళు చేసిన పని తర్వాత వాచకంలో పాఠంగా ఎక్కింది. సారాయి వ్యతిరేక ఉద్యమం జిల్లా దాటి ఆంధ్రప్రదేశ్ అంతటా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారాయి నిషేధం వచ్చింది. పెద్దవాళ్ళు నేర్చుకోలేరని ఎవరైనా అంటే నేనీ ఊరి పేరు చెబుతాను.

పోయిన చలికాలం మా లైనుకు జగిత్యాల వైపునుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ ఇరవై ఏళ్ళు మోటార్ వైండింగ్ షాపు నడిపాడట. మెషీన్లో చెయ్యి పెట్టేముందు కరెంటుకు తాళం వేసే లాకౌట్ పద్ధతి గురించి మొదలుపెట్టేసరికి ఆయన ముఖం మాడిపోయింది. "గిది నాకు తెల్వదా అక్కా" అన్నాడు. నిజమే, మెషీన్ల గురించి ఆయనకు నాకంటే చాలా తెలుసు. అందుకని చెప్పడం ఆపి అడిగాను: "మీ షాపులో మోటారు విప్పేటప్పుడు ఎవరైనా స్విచ్చి వేస్తే?"

"ఎట్లేస్తరు? ఫ్యూజు వీకి జేబుల వెట్టుకుంట గద."

నా జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇదీ అదే, అన్నాను. మెషీను లోపల చెయ్యి పెట్టే ప్రతి మనిషీ కరెంటు ఆపేసి తన తాళం తను వేసుకోవాలి, తాళంచెవి తన దగ్గరే ఉండాలి, ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫ్యూజైతే ఇంకోడు తీగముక్క వెట్టి నడుపుతడు. దీనికి గా భయం లేదు" అన్నాడు. అంత బాగా ఆ తేడా నేనెప్పుడూ చెప్పలేదు. అప్పట్నుంచి మన ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు లాకౌట్ పాఠం ఫ్యూజుతోనే మొదలుపెడుతున్నాను.

వారం తర్వాత అడగడానికి వెళ్తే ఆయనే నన్ను అడిగాడు. "అక్కా, కళ్ళు మూసుకుని బటన్ ముట్టుమంటవు. మంచిగనే ఉన్నది. కుడి చెయ్యే లోపల ఇరికితే?"

నాకది తట్టనే లేదు. ఆ సాయంత్రం లైను ఆపాక ఇద్దరం చూశాం. మూడో స్థానంలో నిలబడితే ఎడమ చేతికి బటన్ అందదు. సూపర్‌వైజరుకు చెప్పి ఇంకొకటి పెట్టించాం. ఇప్పుడు కొత్తవాళ్ళతో రెండు చేతులతోనూ వేయిస్తున్నాను, మూడేసిసార్లు.