తోకలెత్తిన దండు

పనామాలో 1923 నుంచి రక్షిత అడవిగా ఉన్న బారో కొలరాడో దీవిలో పొదలు కదిలితే ముందు కనిపించేవి తోకలే. జెండాకర్రల్లా నిక్కి, ఒకదాని వెనుక ఒకటి సాగిపోతాయి.

అది కోవాటిల గుంపు. అన్నీ ఆడవీ, పిల్లలే. రెండేళ్లు దాటిన మగది ఒంటరిగా తిరగాల్సిందే. జతకట్టే రోజుల్లోనే దాన్ని దగ్గరికి రానిస్తాయి. ఈ ఒంటరి మగవాటిని చూసి పూర్వపు శాస్త్రవేత్తలు వేరే జాతి అనుకున్నారు, పాపం!

రకూన్‌కు చుట్టమైన కోవాటికి పొడవాటి ముక్కే గునపం. ఆకుల చెత్తలో దూర్చి పురుగులను పెళ్లగిస్తుంది. పెద్ద నూగు సాలీడు దొరికితే గబుక్కున మింగదు. ముంగాళ్లతో నేలమీద దొర్లించి, దురదపెట్టే నూగంతా రాలగొట్టాకే నోట వేసుకుంటుంది.

చెట్టు దిగేది తలకిందులుగానే. చీలమండలు వెనక్కి తిరుగుతాయి కాబట్టి పట్టు జారదు. రాత్రి నిద్రా కొమ్మల మీదే. ఈనే ముందు తల్లి గుంపు విడిచి చెట్టుపై గూడు కట్టుకుంటుంది. ఐదారు వారాలకు పిల్లల్ని వెంటేసుకుని మళ్లీ దండులో కలుస్తుంది.