లారీలు నిలిచే చోట తారు నిలవాలంటే...

చెన్నై మహానగరానికి ఉత్తరపు వాకిలి మాధవరం. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడల మీదుగా వచ్చే సరకు లారీలకు నగర ప్రవేశానికి ముందు మజిలీ ఇదే. జార్జిటౌన్ ఇరుకు వీధులలో లారీల రద్దీని తగ్గించే ఉద్దేశంతో చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ ఇక్కడ సుమారు వంద ఎకరాలలో లారీల టెర్మినల్‌ను నెలకొల్పింది. 2018 అక్టోబరులో ఆంధ్ర, తెలంగాణ వైపు వెళ్లే బస్సుల కోసం ప్రత్యేక బస్ స్టేషన్ కూడా మాధవరంలోనే ప్రారంభమయింది. పుళల్ నుంచి మణలి వరకు గిడ్డంగులు, రవాణా కార్యాలయాలు, పెట్రోలు బంకులు, బరువుతూచే కేంద్రాలు వరుసతీరి ఉన్నాయి. సరిహద్దు జిల్లాల నుంచి వెళ్లి అక్కడ వ్యాపారం చేస్తున్న తెలుగువారికీ కొదవ లేదు.

ఈ వ్యాపారాలన్నింటికీ ఉమ్మడి అవసరం ఒకటున్నది. అది బండి నిలిపే ఆవరణ. భవనానికి లక్షలు వెచ్చించే యజమాని ఆవరణ దగ్గరకు వచ్చేసరికి "నాలుగు లోడ్ల కంకర, పైన కాస్త తారు" అని సరిపెట్టుకొంటాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆవరణ గుంతలమయమవుతుంది. లారీల కమాను కట్టలు విరుగుతాయి, సరకు దెబ్బతింటుంది, రాత్రివేళ నీరు నిండిన గుంత కానరాక ద్విచక్ర వాహనదారులు పడిపోతారు. మళ్లీ తారు, మళ్లీ ఖర్చు. ఈ చక్రం నుంచి బయటపడాలంటే తారు ఆవరణ ఎలా పనిచేస్తుందో, ఎందుకు పాడవుతుందో ముందుగా తెలుసుకోవాలి.

రోడ్డు వేరు, ఆవరణ వేరు

రోడ్డు మీద బండి క్షణంలో దాటిపోతుంది. ఆవరణలో గంటల తరబడి నిలిచి ఉంటుంది. ఈ తేడా చిన్నదేమీ కాదు. తారు పూర్తిగా ఘన పదార్థం కాదు. హఠాత్తుగా పడిన బరువుకు గట్టిగా నిలుస్తుంది, నిదానంగా, ఎక్కువసేపు నొక్కిన బరువుకు లొంగిపోతుంది. మాధవరం ఎండలో మధ్యాహ్నం తారు ఉపరితలం గాలి కంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. ఆ వేడిలో సరకు లారీ నిలిస్తే చక్రాల కింద పల్లం పడటం సహజం. దీనికి తోడు నిలిచిన చోటే స్టీరింగు తిప్పినప్పుడు జంట చక్రాలు ఉపరితలాన్ని రుద్ది కంకరను పెకలిస్తాయి.

బరువు సంగతి మరింత ఆలోచించవలసినది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1958-60 మధ్య జరిగిన పెద్ద రహదారి పరీక్షలో ఒక సూత్రం తేలింది. ఇరుసు బరువు పెరిగిన కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. అంటే బరువు రెండింతలయితే నష్టం పదహారింతలు. మన ఇంజనీర్లు లెక్కకు తీసుకొనే ప్రామాణిక ఇరుసు బరువు సుమారు 8.2 టన్నులు. 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు చక్రాల ఇరుసుకు అనుమతించిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. ఈ లెక్కన నిండు బరువుతో ఉన్న ఒక ఇరుసు, ప్రామాణిక ఇరుసుకు దాదాపు నాలుగు రెట్ల నష్టం చేస్తుంది. కారు చేసే నష్టం దీనితో పోలిస్తే లెక్కలోకే రాదు. కనుక కల్యాణ మండపం ముందు కార్లకు సరిపోయే తారు మందం గిడ్డంగి ముందు లారీలకు సరిపోదు. ఒకే ఆవరణలో రెండు రకాల బండ్లూ వచ్చే చోట లారీల దారినీ, కార్ల చోటునూ వేరుచేసి, దేనికి తగ్గ మందం దానికి వేయడం మేలు.

అడుగున ఉన్నదే అసలు బలం

పైకి కనిపించే నల్లని పొర ఆవరణ బలంలో కొంత భాగమే. దాని కింద తడిపి కలిపిన కంకర పొర, ఆ కింద గ్రావెల్ పొర, అన్నిటికీ అడుగున నేల ఉంటాయి. పుళల్ చెరువు, రెట్టేరి, మాధవరం చెరువుల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో పల్లపు భూములు, బంకమట్టి నేలలు ఎక్కువ. బంకమట్టి తడిస్తే మెత్తబడుతుంది, ఆరితే బీటలువారుతుంది. దాని మీద నేరుగా కంకర పోస్తే మట్టి పైకి, కంకర కిందికి చేరి రెండూ కలిసిపోతాయి. అందుచేత మెత్తని మట్టిని తీసివేసి మంచి గ్రావెల్ నింపడం, లేదా సున్నం కలిపి నేలను గట్టిపరచడం, మట్టికీ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచడం అవసరం. ప్రతి పొరనూ విడివిడిగా తడిపి రోలర్‌తో అణచాలి. ఒకేసారి ఎత్తుగా పోసి పైపైన రోలర్ నడిపితే అడుగుభాగం వదులుగానే మిగిలి, తరువాత లారీల చక్రాల కింద కుంగుతుంది.

కంకర పొర సిద్ధమయ్యాక దాని మీద తారు ఎమల్షన్ చల్లుతారు. ఇది ధూళిని బంధించి పై పొరకు పట్టునిస్తుంది. లారీలు తిరిగే చోట ముందు దిట్టమైన తారు మెకాడం పొర, దానిపైన సన్నని కంకరతో తారు కాంక్రీటు పొర వేయాలి. పొరకూ పొరకూ మధ్య మరల పలుచగా ఎమల్షన్ చల్లాలి. ఈ చిన్న ఖర్చు మిగుల్చుకొన్న చోట పై పొర అప్పడంలా ఊడివస్తుంది.

తారు జాతి, వేడి, తూకం

ఒకప్పుడు తారును 80/100, 60/70 అని సూది దిగే లోతును బట్టి వర్గీకరించేవారు. 2006లో భారత ప్రమాణాల సంస్థ చిక్కదనాన్ని ఆధారం చేసుకొని వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 అనే తరగతులను ప్రవేశపెట్టింది. మన వేడి ప్రాంతాలకు సాధారణంగా వీజీ-30, భారీ లారీలు నిలిచే చోట వీజీ-40 తగినవి. మాధవరానికి కూతవేటు దూరంలోని మణలిలో చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ శుద్ధి కర్మాగారం తారును ఉత్పత్తి చేస్తుంది. ప్రభుత్వ రంగ కర్మాగారాలు తారు ధరను సాధారణంగా నెలకు రెండుసార్లు, 1, 16 తేదీలలో సవరిస్తాయి. కాబట్టి గుత్తేదారు ఇచ్చిన ధర ఏ తేదీ లెక్కన ఇచ్చాడో ఒప్పందంలో రాసుకోవడం ఉభయులకూ మంచిది.

తారు పనిలో వేడిదే ప్రాణం. వీజీ-30తో కలిపిన మిశ్రమం ప్లాంటు నుంచి 150-165 డిగ్రీల సెల్సియస్ మధ్య బయలుదేరాలి. పరిచే వేళకు 140 డిగ్రీలకు తగ్గరాదు. 90 డిగ్రీలకు చల్లారేలోగా రోలర్ పని ముగియాలి. దారిలో వాహనాల రద్దీకి చిక్కుకొని చల్లారిన మిశ్రమం ఎంత అణచినా అణగదు. అణగని పొరలో గాలి సందులు మిగులుతాయి, వాటిగుండా నీరు దిగుతుంది. అలాగని మిశ్రమాన్ని అతిగా కాల్చితే తారు పెళుసెక్కి త్వరగా బీటలువారుతుంది. చేతి ఉష్ణమాపకం ఖరీదు పెద్దది కాదు. ప్రతి లోడునూ దించకముందే కొలిచి రాసుకొంటే తరువాతి వివాదాలు చాలావరకు తప్పుతాయి.

మందాన్ని తూకంతో సరిచూడటం ఎవరికైనా సాధ్యమే. వెయ్యి చదరపు మీటర్ల ఆవరణలో 40 మిల్లీమీటర్ల మందం వేయాలంటే 40 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. ఘనపు మీటరు సుమారు 2.35 టన్నులు తూగుతుంది. కనుక దాదాపు 94 టన్నులు రావాలి. తూకపు చీటీలన్నీ కలిపితే 59 టన్నులే తేలిందంటే నేల మీద పడింది 25 మిల్లీమీటర్లన్నమాట. రోలర్ నడవక ముందు పొర మందం దాదాపు నాలుగో వంతు ఎక్కువ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. వదులుగా ఉన్నప్పుడు కొలిచిన 40 మిల్లీమీటర్లు అణిగాక 32కు దిగుతాయి.

వాన, డీజిలు: ఇద్దరు శత్రువులు

తారు ఆవరణకు మొదటి శత్రువు నీరు. మాధవరంలో వానలో పెద్ద భాగం అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో బాపట్ల వద్ద తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచెత్తిన మిచాంగ్ తుపాను ఇక్కడివారు మరచిపోలేనివి. బీటలలో దిగిన నీరు కంకర పొరలో చేరి నిలుస్తుంది. పైన లారీ కదిలినప్పుడల్లా ఆ నీరు ఒత్తిడికి లోనై కంకర నుంచి తారును ఊడదీస్తుంది. వాన వెలిసిన మరునాడు గుంతలు పడటానికి కారణమిదే.

అందుచేత ఆవరణకు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. 30 మీటర్ల వెడల్పున్న ఆవరణను ఒకే వైపు వాలిస్తే ఆ కొసకూ ఈ కొసకూ 60 సెంటీమీటర్ల తేడా వస్తుంది. లారీ గిడ్డంగి గుమ్మానికి సరిగా ఆనదు. ఆవరణను భాగాలుగా విడదీసి మధ్యమధ్య కాలువలు పెట్టడమే దీనికి ఉపాయం. కాలువల మూతలు లారీ బరువుకు ఆగేవి కావాలి.

ఆ నీరు ఎక్కడికి పోవాలన్నది మరొక ప్రశ్న. పుళల్ చెరువు మిగులు నీరు వడపెరుంబాక్కం, మణలి మీదుగా సముద్రం వైపు సాగుతుంది. ప్రతి ఆవరణా తన నీటిని వీధిలోకి నెడితే ఆ భారమంతా పల్లపు వాడల మీద పడుతుంది. తమిళనాడులో 2003 నుంచి భవనాలకు వాన నీటి సేకరణ తప్పనిసరి. 2019 వేసవిలో పుళల్ చెరువు ఎండిపోయినప్పుడు నగరం పడిన ఇక్కట్లు అందరికీ తెలిసినవే. 1996 నుంచి తెలుగుగంగ ద్వారా కండలేరు నుంచి కృష్ణా జలాలు అందుకొంటున్న నగరం తన ముంగిట కురిసిన వానను మురుగులో కలపడం న్యాయం కాదు. పైకప్పు నీటిని నేరుగా ఇంకుడు బావికి పంపవచ్చు. లారీలు నిలిచిన నేల మీది నీటిలో నూనె కలిసి ఉంటుంది గనుక, మడ్డినీ నూనెనూ వేరుచేసే తొట్టిగుండా పోనిచ్చిన తరువాతనే వదలాలి.

రెండవ శత్రువు డీజిలు. తారు, డీజిలు రెండూ ముడి చమురు బిడ్డలే. అందుకే డీజిలు తారును కరిగిస్తుంది. ఇంజను నూనె కారే చోట తారు మెత్తబడి కంకర వదులవుతుంది. ఇంధనం నింపే చోట, మరమ్మతులు చేసే చోట, ట్రెయిలరు కాళ్లు ఆనే చోట తారు వేయకపోవడమే తెలివి. అక్కడ సిమెంటు కాంక్రీటు గాని, కనీసం 100 మిల్లీమీటర్ల మందమున్న గట్టి పేవర్ దిమ్మెలు గాని వాడాలి. నూనె ఒలికిన వెంటనే ఇసుక గాని రంపపు పొట్టు గాని చల్లి ఎత్తివేయాలి.

ఏడాది పొడవునా సంరక్షణ

సంరక్షణకు మాధవరం వాతావరణమే పంచాంగం. సంక్రాంతి తరువాత, వానలు పూర్తిగా వెనుదిరిగాక, ఆవరణ అంతా నడిచి చూసి బీటలు, గుంతలు, నీరు నిలిచిన జాడలు గీసుకోవాలి. ఫిబ్రవరిలో బీటలను గాలితో శుభ్రపరచి తారుతో పూడ్చాలి. సన్నని బీటకు అయ్యే ఖర్చు గుంతకు అయ్యే ఖర్చులో చిన్న అంశం. పెద్ద పనులు మార్చి నుంచి జూన్ లోపు ముగించాలి. ఆగస్టు, సెప్టెంబరులలో కాలువల పూడిక తీయాలి. వానాకాలంలో గుంత పడితే చల్లని తారు మిశ్రమంతో తాత్కాలికంగా పూడ్చి, ఎండలు రాగానే సరిగా మరమ్మతు చేయాలి.

సరైన మరమ్మతు అంటే గుంతలో కంకర పోసి తొక్కడం కాదు. చుట్టూ గట్టి భాగం వచ్చేవరకు చతురస్రంగా, అంచులు నిట్టనిలువుగా కోయాలి. అడుగున తడి మట్టి ఉంటే తీసివేయాలి. ఆరనిచ్చి, ఎమల్షన్ పూసి, పొరలుగా నింపి అణచాలి. అంచులకు తారు పట్టించాలి. మొసలి చర్మంలా అల్లుకొన్న బీటలు కనిపిస్తే లోపం అడుగున ఉన్నదని గ్రహించాలి. అక్కడ పైపూత వృథా.

పాత తారు మీదనే మళ్లీ మళ్లీ తారు వేయడం మరొక పొరపాటు. ఆవరణ మట్టం పెరిగి వాన నీరు దుకాణంలోకి వస్తుంది. నగరంలో ఇదే సమస్యగా మారినందున, పాత పొరను గీకి తీసిన తరువాతనే కొత్త పొర వేయాలని 2021లో తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధికారులను ఆదేశించారు. గీకిన పాత తారును పారవేయనక్కరలేదు, కొత్త మిశ్రమంలో కలిపి వాడవచ్చు. వ్యర్థ ప్లాస్టిక్‌ను కూడా తారు పనిలో వాడవచ్చునని మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ నిరూపించారు. 2002లో చెన్నై నుంగంబాక్కంలోని జంబులింగం వీధిలో అలాంటి రోడ్డు వేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. వేడి కంకరకు ప్లాస్టిక్ తొడుగు ఏర్పడటం వల్ల నీరు తారును ఊడదీయడం కష్టమవుతుంది.

పనిచేసే చేతులు

తారు పనిలో పాలమూరు వంటి కరవు ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు తరతరాలుగా దేశమంతటా చెమటోడుస్తున్నారు. 150 డిగ్రీల మిశ్రమం పక్కన రబ్బరు చెప్పులతో నిలబెట్టడం నేరంతో సమానం. రోడ్డు పనిలో తారు పొగ సోకడం క్యాన్సర్‌కు కారణం కావచ్చునన్న వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో చేర్చింది. బూట్లు, చేతి తొడుగులు, ముఖకవచం, తాగునీరు, నీడ ఒప్పందంలోనే రాయించాలి. ఒంటి మీద వేడి తారు పడితే వెంటనే చల్లని నీటితో చల్లార్చాలి. అంటుకొన్న తారును లాగితే చర్మం ఊడివస్తుంది. దానిని వైద్యులే తీయాలి.

ఆవరణ వేయించే యజమాని గుత్తేదారును అడగవలసినవి ఐదు: నేల పరీక్ష చేశారా, ఏ పొర ఎంత మందం, ఏ తరగతి తారు, నీరు ఎటు పోతుంది, రెండు వానాకాలాల పూచీ ఇస్తారా. ఈ ఐదింటికీ కాగితం మీద జవాబు ఇవ్వగలిగినవాడి ధర కాస్త ఎక్కువైనా చివరికి అదే చవక.