ద్వీపయాత్రకు ముందు గృహిణి యోచింపవలసినవి

సెలవులు వచ్చుచున్నవనగానే పిల్లలు సముద్రద్వీపముల చిత్రములు చూపి “అక్కడికి పోదము” అని పట్టుపట్టుట నేడు అనేక గృహములలో కలదు. ఖర్చు లెక్క పురుషులు వేయుదురు. చూడవలసిన తావుల పట్టిక పిల్లలు వ్రాయుదురు. ఆ యాత్రలో గృహిణికి విశ్రాంతి యెంత యను లెక్క మాత్రము ఎవ్వరును వేయరు. మేమును అట్లే వేసికొనక అండమాను దీవులకు పోయి, నేర్చుకొన్న సంగతులను ఇచ్చట మనవి చేయుచున్నాము.

మా అత్తగారితోను, మా వారితోను, ఇద్దరు పిల్లలతోను మొదటిసారి మే నెల కడపటి వారమున బయలుదేరితిమి. అచ్చట మన భోజనము దొరకదేమోయని బియ్యము, పప్పు, ఊరగాయలు, చిన్న విద్యుత్తు పొయ్యి కట్టుకొంటిమి. ఐదు దినములలో మూడు దీవులు చూడవలెనని యేర్పాటు. మూడవనాడు స్వరాజ్ ద్వీపమున నుండగా గాలివాన పట్టుకొన్నది, పడవలు ఆగిపోయినవి. తిరుగు విమానము తప్పిపోయినది. అత్తగారి రక్తపుపోటు మాత్రలు పట్టణములో విడిచివచ్చిన పెట్టెలో నుండిపోయినవి. ఆమెకు తల తిరుగుచుండగా రెండు రాత్రులు మాకు కంట కునుకు లేదు. పగలు ఆ యిరుకు గదిలో వంటయు, తడిబట్టలు ఆరవేయుటయు మా పని. సముద్రమును చూచిన ఘడియలు వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇందు సముద్రముయొక్క తప్పేమియు లేదు. నైరృతి ఋతుపవనములు మన దేశమున మొదట ఈ దీవులనే మే నెలలో తాకును. అటుపిమ్మట ఈశాన్యపు వానలు డిసెంబరు వరకు కురియుచుండును. కావున దసరా సెలవులును, మే చివరి దినములును తగవు. సంక్రాంతి మొదలు ఏప్రిలు వరకు అనుకూలమైన కాలము.

చెన్నపట్టణమునుండి ఓడపై సుమారు మూడు దినములును, విమానముపై రెండు గంటలకు పైగాను పట్టును. విమానము దిగు పట్టణము పోర్టు బ్లెయిరు. 2024లో దీనికి శ్రీవిజయపురమని పేరు పెట్టిరి. హావ్‌లాకు దీవికి స్వరాజ్ ద్వీపమను పేరు 2018లో వచ్చినది. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి పోయి స్థిరపడిన తెలుగువారు పట్టణమున అనేకులు కలరు. అన్నము, చారు దొరకును. పొయ్యి మోయ నక్కరలేదు.

మందులు చేతిసంచిలోనే యుండవలెను. తిరుగు ప్రయాణమునకు ముందు ఒకటి రెండు దినములు పట్టణమున ఖాళీగా ఉంచుకొనవలెను. గడియారము మనదే యైనను ఆ దీవులు తూర్పున నున్నందున సంక్రాంతి దినములలో సాయంకాలము 5¼ గంటలకే ప్రొద్దు గ్రుంకును. కావున చూడదగినవి ఉదయమే చూడవలెను. పగడపుదిబ్బల ముక్కలు ఏరి తెచ్చుట చట్టవిరుద్ధమని పిల్లలకు ముందుగనే చెప్పవలెను. జారవాలు నివసించు అడవిదారిని పోవలసివచ్చినచో వారిని ఫొటో తీయరాదు; వారును మనవంటి యిల్లాండ్రు, బిడ్డలు కలవారే.

పట్టణములోని సెల్యులర్ జైలును పిల్లలకు తప్పక చూపుడు. 1906లో పూర్తియైన ఆ కారాగృహమున నుండిన ఏడు శాఖలలో నేడు మూడే నిలిచియున్నవి. అల్లూరి సీతారామరాజుగారి అనుచరుడు గాం మల్లుదొర అండమాను ప్రవాసశిక్ష ననుభవించినవాడే. ఒక్క గది ముందు నిలిచి యీ కథ చెప్పిన చాలును.

రెండవమారు సంక్రాంతికి పోయితిమి. రెండే దీవులు, ఆరు దినములు, వంట లేదు. రాధానగరపు తెల్లని యిసుకపై అత్తగారు మా ప్రక్కన కూర్చుండి, “అమ్మాయీ, పెండ్లియైన తరువాత ఇన్ని దినములు వరుసగా ఒకరు వడ్డింపగా తినుట నాకిదే మొదలు” అనిరి. ఆమెకప్పుడు డెబ్బదియొక్క యేండ్లు.

ఆ మాట విన్నది మొదలు మా యింట ఏ యాత్రాపట్టికయైనను గృహిణి విశ్రాంతితోనే ఆరంభమగుచున్నది. మీరును కాగితము తీసికొన్నపుడు మొదటి పంక్తి మీకై వ్రాసికొనుడు.