మిగిలిన కోడికూరతో శాండ్‌విచ్

ఆదివారం మధ్యాహ్నం కోడికూర వండడం మా క్వార్టర్సులో అనేక ఇండ్ల ఆనవాయితీ. బంధువులు వస్తారని కిలోన్నర తెప్పిస్తాము, వారు రారు. భోజనాలు ముగిసేసరికి గిన్నె అడుగున ఏడెనిమిది ముక్కలు మిగులుతాయి. మరునాడు ‘ఎ’ షిఫ్టు. ఉదయం ఐదుంబావుకే బస్సు. ఆ వేళ ఉప్మా కలియబెట్టే ఓపిక ఎవరికుంటుంది? ఈ రెండు చిక్కులకూ కలిపి మా ఇంట కుదిరిన ఉపాయమే ఈ శాండ్‌విచ్.

అయితే తయారీకి ముందు మా స్వానుభవం ఒకటి మనవి చేయక తప్పదు. కొన్నేళ్ల క్రితం ఒక మే నెలలో, మిగిలిన కూరపై మూత వేసి గట్టుమీదనే ఉంచి నిద్రపోయాము. తెల్లవారి వాసన చూస్తే బాగానే ఉన్నది. తెర్ల మరిగించి మరీ తిన్నాము. మధ్యాహ్నంలోగా ఇంటిల్లిపాదికీ వాంతులు పట్టుకున్నాయి. ఒక షిఫ్టు పోవడం అటుంచి, చిన్నవాడికి సెలైను ఎక్కించవలసి వచ్చింది. మరిగించాము గదా, ఇక దోషమెక్కడ అన్నది మాకు చాలాకాలం అంతుపట్టలేదు. వండిన మాంసం 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు త్వరితంగా వృద్ధి చెందుతాయి. వాటిలో స్టెఫైలోకాకస్ వంటివి విడిచే విషం మరిగించినా నశించదు, వాసనకూ తెలియదు. కనుక వండిన రెండు గంటలలోపు, ఎండ 32 డిగ్రీలు దాటిన నాడు గంటలోపే, కూరను ఫ్రిజ్‌లో చేర్చాలి. లోతైన గిన్నెతో పెడితే నడిమి భాగం చల్లబడదు. వెడల్పాటి డబ్బాలో పలుచగా సర్దాలి. మూడు నాలుగు రోజులకు మించి ఉంచరాదు.

ఇక తయారీ. ముక్కలను పులుసునుండి తీసి, ఎముకలు ఏరి, వేళ్లతో పీచులుగా విడదీయాలి. చిన్న ఎముక ముక్కలు మెడ భాగంలో ఎక్కువగా దాగి ఉంటాయి, చూసుకోవాలి. నలుగురికి ఒక కప్పు మాంసం చాలు. దానిని బాణలిలో చెమ్మ ఇగిరి పొగలు వచ్చేదాకా వేపి, కొద్దిగా ఆరనివ్వాలి. పులుసుమీద మమకారంతో రెండు గరిటెలు కలిపితే బ్రెడ్డు ముద్దయిపోతుంది. పలుచని బట్టలో వడగట్టిన గట్టి పెరుగు మూడు చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, మిరియాల పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం చేర్చాలి. కూరలో ఉప్పు ఉండనే ఉన్నది. ఎనిమిది బ్రెడ్డు ముక్కలకు లోపలివైపు వెన్న రాయడం మరువరాదు. రుచి మాట అలా ఉంచితే, తడి బ్రెడ్డులోకి దిగకుండా అడ్డుపడేది అదే. కీరదోస చక్రాలు పరచి, మిశ్రమం పెట్టి మూయాలి.

పెరుగు స్థానంలో మయొనైజు వాడేవారున్నారు. పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒక సంవత్సరంపాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది. మా ఇంట పెరుగే.

చల్లని కోడిమాంసానికి మసాలా జోడించడం మన వింత కాదు సుమా! 1953లో రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేక విందు కోసం లండనులో రోజ్‌మేరీ హ్యూమ్, కాన్‌స్టన్స్ స్ప్రై రూపొందించిన వంటకంలోనూ కర్రీ పౌడరు ఉన్నది. తరువాతి కాలంలో అది అక్కడి శాండ్‌విచ్‌లలోకి దిగింది.

దీనిని టిఫిన్ డబ్బాలో షిఫ్టుకు పంపవచ్చునా అని మిత్రులు అడుగుతుంటారు. వేసవిలో వద్దు; తినే వేళకు గంట దాటిపోతుంది. మేము బస్సుకు ముందే, నిలబడి, టీతో తింటాము. పిల్లల వంతు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆరు గంటలకు వారు లేచేసరికి అది మిగిలి ఉండటం మాత్రం ‘ఎ’ షిఫ్టుకు వెళ్లేవారి నిగ్రహం మీద ఆధారపడి ఉన్నది.