ఉక్కవేసవియందు వృద్ధుల సంరక్షణము: సూరతు పట్టణ దృష్టాంతము

సూరతు పట్టణము తపతీ నదీతీరమున, సముద్రమునకు సమీపమున నున్నది. అచ్చటి వేసవి పొడియెండ గాక ఉక్కతో గూడినది. గాలియందు తేమ హెచ్చినపుడు చెమట యారదు. చెమట యారనిదే దేహము చల్లబడదు. కావున ఉష్ణమాపకము 37 లేక 38 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే చూపుచున్నదని అపాయము లేదనుకొనుట పొరపాటు.

వయస్సు మీరినవారికి దప్పిక సరిగా తెలియదు; చెమటయు తక్కువగ పట్టును. గుండెజబ్బు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారికిని, మూత్రమును హెచ్చించు మాత్రలు సేవించువారికిని, మంచము పట్టినవారికిని అపాయ మధికము. వీరు సహాయమడుగుటకు రారు; సహాయమే వీరి గడపకు పోవలయును.

సూరతులోని లింబాయతు మొదలగు పేటలందు తెలంగాణమునుండి వలసపోయిన నేతకుటుంబము లనేకము గలవు. ఇంటికి రేకుల కప్పున్నచో అది పగలు కాగి, ప్రొద్దు క్రుంకిన పిమ్మటను గదిని ఉడికించును. పడుచువారు మరమగ్గముల పనికి బోవగా ముసలివారు గదియందు ఒంటిగ మిగులుదురు. హెచ్చరిక గుజరాతీయందే వెలువడినచో తెలుగు ముదుసలికి అది చేరనట్లే. తెలుగు, మరాఠీ, ఒడియా, హిందీ భాషలందును చాటింపవలయును.

వడదెబ్బ మరణములలో ననేకము ఇండ్లయందే జరిగి, గుండెజబ్బు క్రిందనో వార్ధక్యము క్రిందనో లెక్కకు వచ్చును. అహమ్మదాబాదులో 2010 మే నెలయందు సాధారణముకంటె సుమారు 1,300 మంది అధికముగ మృతినొందిరని మొత్తపు మరణముల సంఖ్యను పోల్చిచూచుటవలననే తేలినది. 2013లో ఆ నగరపాలక సంఘము ఉష్ణతాప కార్యప్రణాళిక నేర్పరచెను. 2015లో దేశమున 2,000కు పైగా వడదెబ్బకు మరణింపగా, వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే.

అధికారులు గమనింపవలసిన విషయములు:

1. వేసవికి ముందే వార్డులవారీగ ఒంటిగ నుండు వృద్ధుల, రోగుల పట్టిక వ్రాయింపవలయును. హెచ్చరిక దినములందు ఆశా కార్యకర్త మధ్యాహ్న మొకసారి, రాత్రి కొకసారి వారిని చూచి రావలయును.

2. లీటరు మంచినీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగ త్రాగింపవలయును. గుండె, మూత్రపిండముల వ్యాధిగ్రస్తుల విషయమున వైద్యుని సలహా ముఖ్యము.

3. గది 40 డిగ్రీలు మించినచో పంకా వేడిగాలినే విసరును. తడిగుడ్డతో ఒడలు తుడిచి, చల్లని తావునకు చేర్పవలయును. రేకులకు తెల్లసున్నము పూయించుట మేలు.

4. ఒడలు కాలుచు, మాట తడబడినను, స్మృతి తప్పినను వెంటనే 108 వాహనమును పిలిపించి, అది వచ్చులోపల నీడకు చేర్చి, ఒడలిపై నీరు చల్లి విసరవలయును. స్మృతి లేనివారి నోట నీరు పోయరాదు.

కాకినాడ, మచిలీపట్టణము మొదలగు తీరపట్టణములందును ఉక్క యిట్టిదే. పట్టికలోని ప్రతి పేరునకెదురుగ ఎవరు, ఎప్పుడు చూచిరో వ్రాయబడినపుడే హెచ్చరిక పనిచేసినదని యెన్నవలయును.