కాలేయం చెడితే ఒంటికి కాపలా కరువు

పొట్టలో నీరు చేరిన మనిషికి ఒళ్లు కాస్త వెచ్చబడితే "మామూలు జ్వరమేలే, రెండు రోజుల్లో తగ్గుతుంది" అని ఇంట్లోవాళ్లు ఊరుకోవడం కద్దు. కాలేయ వ్యాధి ముదిరినవారికి ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

కాలేయం అంటే పైత్యరసం తయారుచేసే అవయవం మాత్రమే కాదు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయంలోకి వెళ్లి, ఆ తర్వాతే గుండెకు చేరుతుంది. తిండి సారంతోపాటు పేగుల్లోని సూక్ష్మక్రిములు కొన్ని ఆ రక్తంలో కలిసి వస్తాయి. కాలేయంలో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు వాటిని పట్టి మింగేస్తాయి. క్రిములతో పోరాడే మాంసకృత్తులు కొన్ని తయారయ్యేదీ అక్కడే.

ఏళ్ల తరబడి తాగుడు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కాలేయంలో కొవ్వు పేరుకోవడం వంటి కారణాలవల్ల కాలేయం మచ్చలు పడి గట్టిపడుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. కాలువకు అడ్డుపడితే నీరు పక్క బోదెల్లోకి మళ్లినట్లే, పేగుల రక్తం పక్కదారులు పట్టి శుద్ధి కాకుండానే ఒళ్లంతా పాకుతుంది. ప్లీహం ఉబ్బి (పల్లెల్లో 'బల్ల' అంటారు) తెల్లకణాలను తనలోనే నిలుపుకుంటుంది. మిగిలిన కణాలకూ చురుకు తగ్గుతుంది. అందుకే ఈ రోగులకు పొట్టలోని నీటిలో క్రిములు చేరడం, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలికగా వస్తాయి.

జ్వరం గట్టిగా కాయకపోవచ్చు కూడా. కడుపునొప్పి, మూత్రం తగ్గడం, పగలు మగత, మాట తడబాటు, నల్లటి విరేచనం - వీటిలో ఏది కనబడినా ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చాలి. సూదితో కొద్దిగా నీరు తీసి పరీక్షిస్తే సంగతి తెలుస్తుంది. నీరు తీస్తే మనిషి దక్కడన్న భయం అనవసరం.

ఆకు పసర్లు, వాతలతో కాలయాపన చేయరాదు. ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉప్పు తగ్గించాలి గాని, పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించకూడదు. తాగుడు పూర్తిగా మానాలి.

హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దీన్ని దేశంలోనే తయారుచేసి, ధర దిగివచ్చేలా చేసింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోగా ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. హెపటైటిస్ సి అయితే మందులతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉన్నట్లు తేలితే, మిగతావారూ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.